కాలములు కలిసినవి

రాచగుంట పురపాలక సంఘంలో మురుగుకాలవ పొంగి రోడ్డెక్కితే ఎవరూ కంగారుపడరు. వీధిదీపాలు పగలల్లా వెలిగి పొద్దుగూకగానే ఆరిపోయినా కంగారుపడరు. అలాంటి ఆఫీసు ఆ వేసవిలో ఒక ఉత్తరం తిరిగొచ్చిందని అల్లాడిపోయింది.

అదొక కాలవ మూతకు సంబంధించిన ఉత్తరం. మూత లేక మనుషులు పడుతున్నారని ఎవరో పైకి రాసుకుంటే, వివరణ ఇవ్వండని పైఆఫీసు అడిగింది. సూపరింటెండెంటు కేశవులుగారు ఉన్నంతలో ఇంగ్లీషు కూడగట్టుకుని వివరణ ఇచ్చారు. పైఆఫీసులో ఎవరో పెద్దాయన దాని మీద ఎర్రసిరాతో సున్నాలు చుట్టి వెనక్కి పంపాడు. మూత పెట్టారా లేదా అన్న మాట అందులో ఎక్కడా లేదు. "ఇఫ్ పక్కన విల్ పెట్టరాదని తమరికి తెలియకపోవుట విచారకరం" అని మాత్రం ఉంది.

ఆ విచారం కమిషనర్ విశ్వంభరరావుగారికి బాగా తగిలింది. పైవాళ్ళు ఎక్కడో 'పరిపాలనలో ఆంగ్ల వాక్య నిర్మాణం' అని శిక్షణ పెడితే ఎవర్నీ పంపకుండా తానే వెళ్ళారు. మెడలో కార్డుతో, భుజాన జనపనార సంచీతో, కళ్ళలో కొత్త వెలుగుతో తిరిగొచ్చారు. వచ్చిన మర్నాడే మీటింగు.

"మిత్రులారా! ఇంతకాలం మనం ప్రజల సమస్యలకు పరిష్కారాలు వెదుకుతూ పొరపాటు దారిలో నడిచాం," అన్నారాయన. నిజానికి ఆ దారిలో ఎవరూ అంత దూరం నడవలేదు గానీ, అందరూ తలలు వంచుకున్నారు. "లోపం కాలవలో లేదు. లోపం వాక్యంలో ఉంది. ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇకమీదట ప్రతి అర్జీకీ జవాబు ఇంగ్లీషులో, షరతు వాక్యంగా ఉండాలి. షరతు లేని మాట ప్రభుత్వానికి శోభించదు. అలాగే ప్రతి జవాబులోనూ ఒక పోలిక ఉండాలి. పోలిక లేనిదే ప్రగతి కనపడదు."

"అయ్యా, 'అన్నిటికంటే బాగు' అని రాసుకోవచ్చాండి?" అని హెడ్ క్లర్కు జకరయ్యగారు లేచి అడిగారు.

"కూడదు. అన్నిటికంటే అంటే ఆడిట్ వాళ్ళు వస్తారు. పక్కదానికంటే అంటే ఎవరూ రారు. పక్కదానితో ఆగండి."

ఈ మాట అందరికీ నచ్చింది. తర్వాత కమిషనర్‌గారు అసలు ప్రశ్న వేశారు. ఇఫ్ వైపు ఏ కాలం ఉంటే అవతలి వైపు ఏ కాలం రావాలో చెప్పగలవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు వెనక గోడ దగ్గర నుంచి ఎవరో ఎక్కం చదువుతున్నట్టు సన్నగా వినిపించింది.

"ఇఫ్‌కి ప్రెజెంటు, అటు విల్లు. ఇఫ్‌కి పాస్టు, అటు వుడ్డు. ఇఫ్‌కి హ్యాడు, అటు వుడ్‌హ్యావు."

అది సుబ్బరత్నం గొంతు. సుబ్బరత్నం ఆ ఆఫీసులో వచ్చే కాగితాలకు నంబరు వేసి లోపలికి పంపే కాంట్రాక్టు అమ్మాయి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆమె గొంతు అంత మంది ముందు వినపడటం అదే మొదలు. ఆమె కావాలని అనలేదు. నోట్లో ఉన్నది జారిపడింది. చిన్నప్పుడు వాళ్ళ ఊరి బళ్ళో ఇంగ్లీషు మాస్టారు ఆ మూడు రకాల వాక్యాలనూ ఎక్కంలాగే పాడించేవాడు. పిల్లలు బడి వదిలాక పొగాకు పందిళ్ళ కింద కర్రలకు ఆకు గుచ్చుతూ కూడా అదే పాడుకునేవాళ్ళు. ఒక ఆకు ఇఫ్, ఒక ఆకు విల్. రత్నం వేళ్ళకు పొగాకు జిగురు ఎప్పుడో వదిలింది గానీ ఆ ఎక్కం వదల్లేదు. అంతకుమించి ఆమెకు ఇంగ్లీషు రాదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. ఎవరైనా ఎదురొచ్చి 'హౌ ఆర్ యూ' అంటే ఆమెకు చెమటలు పట్టేవి. అందులో ఇఫ్ లేదు.

కానీ కమిషనర్‌గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మర్నాటికల్లా రత్నం 'కాల సమన్వయ అధికారిణి, ఇన్‌ఛార్జి' అయింది. విరిగిన కుర్చీలు పడేసే గది ఖాళీ చేయించి, ఆమెకు ఒక బల్ల, ఒక ఆకుపచ్చ కలం, ఒక రబ్బరు ముద్ర ఇచ్చారు. ముద్ర మీద 'కాలములు కలిసినవి' అని ఉంటుంది. పెళ్ళికి జాతకాలు కలిసినట్టు జవాబులో కాలాలు కలిశాయని ఆమె చూసి ముద్ర వేస్తేనే ఆ జవాబు గడప దాటుతుంది. ఆమె కాంట్రాక్టు నెలాఖరుకు ముగుస్తుందని తెలిసి, కమిషనర్‌గారు ఆ ఫైలు మీద కూడా ఒక వాక్యం రాశారు. 'ఒక్క తప్పూ రాకపోతే కొనసాగిస్తాము.' మొదటి రకం. కాలాలు చక్కగా కలిశాయి.

రత్నానికి గర్వం రాలేదని చెప్పవచ్చు గానీ అది అబద్ధమవుతుంది. గదిలో ఎవరూ లేనప్పుడు ఆమె ఆ ముద్రను నోటితో ఊది, పమిటతో తుడిచి, తన కుడి అరచేతి మీదే వేసుకుని చూసుకుంది. ఆ పూట చెయ్యి కడుక్కోకుండా ఎడంచేత్తో అన్నం కలుపుకోబోతే మేనత్త వెంగమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

రత్నం ఆ మేనత్త దగ్గరే ఉంటుంది, ఊరి చివర సుద్దగుంటల కాలనీలో. ఆ కాలనీకంతా ఒక్కటే బోరు, ఒక్కటే మోటారు. పోయిన ఎండాకాలం ఆ మోటారు మూలగడం మొదలుపెట్టింది. వెంగమ్మ ఆఫీసుకు వెళ్ళి వరండాలో కేశవులుగారిని పట్టుకుని సంగతి చెప్పింది. "మూలిగేదానికి రిపేరుండదమ్మా. కాలిపోతే రండి, చూస్తాం," అన్నాడాయన. మోటారు ఆ మాట విన్నట్టే ఓపిగ్గా ఒక ఏడాది మూలిగి, ఈ ఎండలకు కాలిపోయింది. ఇప్పుడు కాలనీ ఆడవాళ్ళంతా రైలుగేటు అవతల బియ్యంమిల్లు పంపు దాకా పోయి నీళ్ళు మోసుకొస్తున్నారు. రత్నమూ పొద్దునా సాయంత్రమూ మోస్తుంది.

"ఏమేవ్ రత్నమా, మోటారు సంగతి అర్జీ పెట్టి వచ్చా. నువ్వాడే గదా ఉండేది. కాస్త చూడమ్మే," అంది వెంగమ్మ.

"ఆఫీసు పని ఆఫీసులో అత్తా. నా బల్ల మీదికి వచ్చినప్పుడు చూస్తా."

ముద్రను ఇంటికి తెచ్చుకోలేదు గానీ ఆ మాట మీద ముద్ర వేసినట్టే అంది.

*

మొదట్లో జవాబులన్నీ మొదటి రకంలోనే చక్కగా వచ్చేవి. అయితే జకరయ్యగారు అనుభవం గల మనిషి. ఒకరోజు టీ గ్లాసు చేత్తో పట్టుకుని రత్నం గదికి వచ్చారు.

"అమ్మా రత్నం, మొదటి రకం రాస్తే జనానికి ఏమని అర్థమవుద్ది?"

"అడిగితే చేస్తామని సార్."

"వాడు అడిగేశాడుగా మరి! అడిగినాక చెయ్యాల్సొస్తది. చెయ్యాలంటే అంచనా, అంచనాకి ఇంజనీరు, ఇంజనీరుకి జీపు. రెండో రకం?"

"అడిగితే చేసేవాళ్ళం, అడగరులే అన్నట్టు."

"మర్యాదగా ఉంది. మూడో రకం?"

"అడిగి ఉంటే చేసి ఉండేవాళ్ళం. అంటే అడగలేదు, చెయ్యలేదు. అంతా అయిపోయింది సార్."

జకరయ్యగారు గ్లాసు కింద పెట్టారు. కళ్ళజోడు తీశారు. "అయిపోయింది," అన్నారు, చర్చిలో ఆమెన్ అన్నంత నెమ్మదిగా.

ఆ వారం నుంచి రాచగుంటలో సమస్యలన్నీ మూడో రకం అయిపోయాయి. నిన్న పొద్దున పెట్టిన అర్జీ కూడా సాయంత్రానికల్లా ఎప్పుడో గతంలోకి వెళ్ళి కూర్చునేది. చెత్తబండి రావడం లేదా? మీరు బండి ఉన్నప్పుడే చెత్త పోసి ఉంటే, అది ఎత్తి ఉండేది. కుక్కలు కరుస్తున్నాయా? మీరు ఇంకాస్త వేగంగా పరిగెత్తి ఉంటే, అవి కరిచి ఉండేవి కావు. ఈ రెండోదాంట్లో పోలిక కూడా ఉంది గనక కమిషనర్‌గారు మెచ్చుకున్నారు. అన్నిటికంటే పేరు తెచ్చుకుంది మాత్రం గేదె జవాబు. మూతలేని కాలవలో గేదె పడిందని ఒక రైతు రాసుకుంటే, 'మీ గేదె ఇంతకంటే పొడవుగా ఉండి ఉంటే, కాలవలో మునిగి ఉండేది కాదు' అని జవాబు వెళ్ళింది. కాలాలు కలిశాయి, పోలిక కుదిరింది. దాన్ని అద్దం కట్టించి కమిషనర్‌గారి గదిలో తగిలించారు. గేదెను మటుకు ఊళ్ళోవాళ్ళే తాళ్ళేసి లాగారు. పొట్టిదే గానీ గట్టిది, బతికింది.

కేశవులుగారికి పోలికలే ఒంటపట్టలేదు. 'బెటర్' ముందు ఎప్పుడూ ఒక 'మోర్' పెట్టేవాడు. రత్నం ఆకుపచ్చ కలంతో కొట్టేసేది.

"ఉండనీయమ్మాయ్. ఒక మోరు ఎక్కువుంటే జనానికి తృప్తిగా ఉంటది. మన చేతినించి పొయ్యేదేముంది?"

"బెటర్‌లోనే మోర్ ఉంది సార్."

"లోపలున్నది ఎవరికి కనపడుద్ది? మనది ప్రభుత్వం. పైకి కనపడాల."

పని పెరగడంతో కమిషనర్‌గారు ఆఫీసును రెండుగా చీల్చారు. కేశవులుగారిది షరతు విభాగం. జకరయ్యగారిది ఫలిత విభాగం. పోలికలు చేర్చడానికి వేరే ఒక గుమాస్తా. వాక్యంలో ముందు సగం ఒకచోట, వెనక సగం మరోచోట తయారవుతాయి. ఒకరి సగం ఒకరు చూడకూడదు, చూస్తే పక్షపాతం వస్తుంది. రెండు సగాలూ రత్నం బల్ల మీద కలుస్తాయి. ఒకసారి వీధిదీపం గురించి అడిగిన ఒక రిటైర్డ్ పోస్టుమ్యానుకు 'వీధిదీపం ఇంతకంటే ప్రకాశవంతంగా వెలిగి ఉంటే, పందులు ఇంటిపన్ను కట్టి ఉండేవి' అని జవాబు వెళ్ళింది. ఎవరివో రెండు ఫైళ్ళ సగాలు తారుమారయ్యాయి. ఆయన దాన్ని పైకీ కిందికీ చదువుకుని, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. రాని మనిషికి సమస్య లేనట్టే గనక అదీ పరిష్కారం కిందే లెక్క.

రత్నం దాన్ని ఎలా వదిలేసిందని మీరు అడగవచ్చు. అడగాల్సిన మాటే. ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది, స్వయంగా కనిపెట్టుకున్నది. కాగితం కట్టలు పెరిగిపోతుంటే ఆమె ఒక చెక్క స్కేలుకు రెండు చోట్ల గాట్లు కోసింది. దాన్ని వాక్యం మీద పెడితే పేర్లూ ఊళ్ళూ మూతపడి, ఆ గాట్లలోంచి క్రియలు మాత్రమే కనపడతాయి. ఇటు హ్యాడ్, అటు వుడ్‌హ్యావ్. టప్! ముద్ర. ఇటు హ్యాడ్, అటు వుడ్‌హ్యావ్. టప్! వాక్యంలో గేదె ఉందో మనిషి ఉన్నాడో చూడనక్కర్లేదు. కమిషనర్‌గారు ఆ స్కేలును చేతిలోకి తీసుకుని, "నామవాచకాలే కదమ్మా ఇన్నాళ్ళూ మన పరిపాలనకు అడ్డం!" అన్నారు. రత్నం ఆ రోజు బిందె ఎత్తుకుంటుంటే భుజం నొప్పి కూడా తెలియలేదు.

*

ఆ శనివారం పోస్టుమ్యాను వెంగమ్మకు ఒక కవరు ఇచ్చి పోయాడు. వెంగమ్మ చెయ్యి తుడుచుకుని దాన్ని కళ్ళకద్దుకుంది. పక్కింటి మస్తానమ్మనూ ఎదురింటి సువార్తనూ కేకేసి పిలిచింది. రత్నం అప్పుడే బియ్యంమిల్లు నుంచి బిందె దించి ఒంగుని నిలబడింది.

"వచ్చిందే మీ ఆఫీసు కాయితం! ముద్రగూడా ఉంది చూడు, పచ్చంగా. చదువమ్మే అందరికీ ఇనపడేట్టు."

రత్నం తీసుకుంది. చేతిలో స్కేలు లేదు. వాక్యమంతా ఒకేసారి కనపడింది.

"ఏందే, నోరు పెగల్దు? ఇంగిలీసులో ఉందా? తెలుగులోనే చెప్పు."

రత్నం చెప్పింది. "సుద్దగుంటల కాలనీ వెంగమ్మగారూ, మోటారు కాలకముందే మీరు మాకు తెలియజేసి ఉంటే, దాన్ని ఇంతకంటే మంచి స్థితిలో బాగుచేసి ఉండేవాళ్ళం."

మస్తానమ్మే ముందు తేరుకుంది. "అంటే చేస్తారా చెయ్యరా?"

"చేసి ఉండేవాళ్ళు," అంది రత్నం.

"అంటే?"

"చెయ్యరు."

"ముందే చెప్పాగా!" అంది వెంగమ్మ. "పోయిన ఎండాకాలమే చెప్పాగా నేను! మూలుగుతుందయ్యా అంటే కాలిపోనీ పొమ్మన్నాడు. ఇప్పుడు కాలింది సామీ అంటే కాలకముందే చెప్పాల్సింది అంటాడా? ఎవడే ఇది రాసిన సచ్చినోడు? ఆ ముద్రేసిందెవరు?"

ముద్ర కింద పొట్టి సంతకం ఉంది. వెంగమ్మకు చదువు రాదు గానీ ఆ సంతకం ఆమెకు తెలుసు. రేషను కార్డు మీదా, గ్యాసు పుస్తకం మీదా ఆమె బదులు రత్నమే అది పెడుతుంది. వెంగమ్మ కాగితం వంకా మేనకోడలి వంకా చూసింది. బిందె చంకనెత్తుకుని రైలుగేటు వైపు వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది అనుకుంది రత్నం. అనుకున్నాక, ఇదీ మూడో రకమే కదా అని తనకే తోచి తల మీద ఒకటి కొట్టుకుంది.

*

సోమవారం వెంగమ్మ ఆఫీసుకు ఒంటరిగా రాలేదు. కాలనీ ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో వరండా నిండా కూర్చున్నారు. చప్పుడుకు కమిషనర్‌గారే బయటికి వచ్చారు. వెనక కేశవులుగారు, జకరయ్యగారు, గుమ్మం పక్కన రత్నం.

"ఏమిటమ్మా మీ సమస్య?"

"నీళ్ళయ్యా."

"నీటి సమస్య పరిష్కరించబడినదే! జవాబు అందలేదా?"

"అందిందయ్యా. బిందెలో వేసి చూశాం, నిండలా."

ఆడవాళ్ళు నవ్వారు. కమిషనర్‌గారు నవ్వలేదు. కాగితం తీసుకుని వెలుతురుకు ఎత్తి చూశారు. ఆయన ముఖంలో కోపం లేదు, ఒకవిధమైన భక్తి ఉంది.

"చూడండమ్మా. ఈ వాక్యం ప్రకారం మీరు ముందుగా తెలియజేయలేదు."

"అట్టాని నేను రాయలా. మీరే రాశారు."

"ఎవరు రాశారన్నది ముఖ్యం కాదు. వాక్యం తప్పయితే మీరు అడిగినట్టు. వాక్యం ఒప్పయితే మీరు అడగనట్టు. కాలములు కలిసినవి అని ఇక్కడ స్పష్టంగా ముద్ర ఉన్నది. ఎందుచేతననగా కాలములు కలిసినవి, అందుచేత మీరు అడగలేదు."

"అయ్యో, ఎంత మాట! ఇదిగో, ఈ అయ్యనే అడిగా," వెంగమ్మ కేశవులుగారి వైపు చెయ్యి చూపింది. "ఈ స్తంభం కాడే. అప్పుడీయన పుచ్చకాయ తింటా ఉండాడు. గింజలు నా చీర మీద ఊశాడు గూడా."

కమిషనర్‌గారు వెనక్కి తిరిగారు. "ఏమండీ?"

కేశవులుగారు చెడ్డవాడు కాదు. తల గోక్కున్నాడు. "అడిగిందండి. పుచ్చకాయ కూడా వాస్తవమేనండి."

"మీ జ్ఞాపకానికి ముద్ర ఉందా?"

"లేదండి."

"మరి?"

కేశవులుగారు వెంగమ్మ చీర వంక ఒకసారి చూశాడు. "అయితే అడగలేదండి."

వరండాలో గోల లేచింది. కమిషనర్‌గారు చెయ్యెత్తారు. "శాంతించండి! ఇది వ్యక్తులతో పని కాదు, వ్యవస్థతో పని. ఈ వాక్యం తప్పని చెప్పగల అధికారం ఈ పట్టణంలో ఒక్కరికే ఉంది. రత్నంగారూ, ముందుకు రండి. ఇందులో తప్పుందా?"

రత్నం ముందుకు వచ్చింది. ఇంతకుముందు ఆమెను ఎవరూ ముందుకు రమ్మనలేదు. ఇప్పుడు ఎందుకు రమ్మన్నారా అనిపించింది. కాగితం అందుకుంది. అందులో తప్పు లేదు. అదే ఆమె బాధ. ఇటు హ్యాడ్, అటు వుడ్‌హ్యావ్, మధ్యలో కామా, చివర 'బెటర్' ముందు మోర్ కూడా లేకుండా. మాస్టారు చూస్తే భుజం తట్టేవాడు. పొగాకు పందిట్లో ఎన్ని కర్రలు గుచ్చినా ఒక్క ఆకు కూడా ఇంత తిన్నగా కూర్చోలేదు. దీన్ని తప్పు అనాలంటే తనకు వచ్చిన ఒకే ఒక్క విద్యను తప్పు అనాలి. అన్నాక నెలాఖరు సంగతి ఉంది. ఒక్క తప్పూ రాకపోతేనే గదా కొనసాగించేది.

ఆమె తల ఎత్తింది. అత్త ఆమె వంక చూడటం లేదు. బిందె అంచుకు ఉన్న సొట్టను బొటనవేలితో నొక్కుకుంటోంది. అది రత్నం బియ్యంమిల్లు దగ్గర జారవిడిస్తే పడిన సొట్ట.

"తప్పే సార్," అంది రత్నం.

"ఎక్కడ?" జకరయ్యగారు మెడ సాచారు. ఫలిత విభాగం పరువు కదా. "వుడ్‌హ్యావ్ ఉంది, చూడమ్మా!"

"మా అత్త అడిగింది సార్. అడిగిన మనిషిని పట్టుకుని అడిగి ఉంటే అనడం తప్పు. నేను పేరు చూడలేదు. స్కేలు అడ్డం పెట్టుకుని చూశాను."

ఆమె ఆకుపచ్చ కలంతో తన ముద్ర మీద అడ్డంగా గీత గీసి, పక్కన 'తప్పు' అని రాసి, సంతకం పెట్టింది. కమిషనర్‌గారు గోడకు ఆనుకున్నారు.

"అయితే… అయితే సరిదిద్దిన వాక్యం కావాలి. జవాబు లేకుండా అర్జీ ఉండరాదు. వెంటనే రాయండి."

రత్నం అక్కడే వరండా గట్టు మీద కాగితం పెట్టి రాసింది. 'మోటారు కాలింది. బాగు చెయ్యండి.' ఇంగ్లీషులోనే రాసింది. అంత చిన్న ఇంగ్లీషు వాక్యాలు తాను రాయగలనని ఆమెకే తెలియదు.

*

ఆ కాగితం షరతు విభాగానికి వెళ్ళింది. కేశవులుగారు తిరగేసి, మరగేసి చూశారు. "ఇందులో ఇఫ్ లేదు. నాది కాదు," అని పంపేశారు. ఫలిత విభాగంలో జకరయ్యగారు, "షరతు లేనిదానికి ఫలితమెక్కడిది? నాదీ కాదు," అన్నారు. పోలిక లేదు గనక పోలికల గుమాస్తా ముట్టుకోలేదు. ముద్ర వెయ్యాల్సిన బల్ల దగ్గర, కలపడానికి రెండో కాలం లేదు. ఆపే హక్కు ఎవరికీ లేకపోవడంతో ఆ కాగితం ఆగకుండా నడిచీ నడిచీ, ఆఫీసు వెనక షెడ్డులో కునికిపాట్లు పడుతున్న ఫిట్టరు మస్తాన్‌వలి చేతిలో పడింది.

మస్తాన్‌వలి దాన్ని పట్టుకుని రత్నం గదికి వచ్చాడు. మనిషి నిజంగా ఇబ్బందిలో ఉన్నాడు.

"ఏందమ్మా ఇది? ఇఫ్ అని 'అయితే' ఉంటదే, అదేది?"

"లేదు వలీ అన్నా."

"లేకపోతే ఎట్టమ్మా? నేనెప్పుడూ ఆ 'అయితే' కాడే ఆగేవాణ్ణి. అయితే నిధులొస్తే, అయితే సామానొస్తే, అయితే జీపొస్తే… ఇందులో యాడ ఆగాల?"

"నాకూ తెలియదు."

అతను పైనుంచి కింద దాకా ఇంకోసారి వెదికాడు. ఆగడానికి చోటు దొరకలేదు. విసుక్కుంటూనే పానా సంచీ సైకిలుకు తగిలించుకుని సుద్దగుంటలకు వెళ్ళాడు. మోటారు విప్పి తీసుకుపోయి, కొత్త తీగ చుట్టించి, మర్నాడు పొద్దెక్కేలోపు బోరులోకి దించాడు. ఇంత తేలిగ్గా అయిపోయినందుకు అతనికే అనుమానం వచ్చి, కాగితం ఇంకోసారి చదువుకున్నాడట.

ఆఫీసులో మాత్రం ఇది పెద్ద ప్రమాదంగానే లెక్కకొచ్చింది. ఆ సాయంత్రమే కొత్త సర్క్యులర్ వచ్చింది. 'షరతు లేని వాక్యములు పని జరుగుటకు దారితీయుచున్నట్లు గమనించడమైనది. ఇట్టి వాక్యములు ఇకమీదట ఎవరు రాసినను కఠిన చర్యలు తీసుకొనబడును.' ఆకుపచ్చ కలం వెనక్కి తీసుకున్నారు. ముద్రను బీరువాలో పెట్టి తాళం వేశారు. విరిగిన కుర్చీలు తిరిగి తమ గదికి వచ్చాయి.

రత్నాన్ని తీసెయ్యడానికి ఉత్తర్వు కూడా తయారైంది. 'తప్పు చేసి ఉండకపోతే, కొనసాగించబడి ఉండేవారు.' మచ్చలేని మూడో రకం. కాని ఏ కాగితమైనా గడప దాటాలంటే కాలములు కలిసినట్టు ముద్ర ఉండాలి. ముద్ర వేసే అధికారిణి పదవి రద్దయిపోయింది. ముద్ర లేనిదే ఉత్తర్వు బయటికి పోదు, ఉత్తర్వు పోనిదే రత్నం బయటికి పోదు. ఆ కాగితం ఇప్పటికీ ఆఫీసులోనే తిరుగుతోంది. వచ్చే కాగితాల దొంతరలో అప్పుడప్పుడు రత్నం చేతికే వస్తుంది. ఆమె దానికి నంబరు వేసి లోపలికి పంపుతుంది.

మోటారు పనిచేసిన పొద్దున కాలనీ అంతా పంపు చుట్టూ చేరింది. మొదట బురదనీళ్ళు, తర్వాత తుప్పునీళ్ళు, ఆ తర్వాత తేటనీళ్ళు వచ్చాయి. మస్తానమ్మ పిల్లల మీద చల్లింది. వెంగమ్మ సొట్ట బిందె నింపుకుని గట్టు మీద పెట్టుకుంది. శనివారం నుంచి మేనకోడలితో ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఇప్పుడు గ్లాసు ముంచి ఆమె చేతికి ఇచ్చింది.

"తాగు. ఎట్టుండాయి?"

"బాగుండాయి అత్తా."

"మిల్లు నీళ్ళకంటే?"

"మిల్లు నీళ్ళకంటే."

వెంగమ్మ తడిచేత్తో ఆమె నెత్తిన ఒక్కటి మొట్టింది. "ఆ రెండు ముక్కలు ముందే రాసుంటే, ఇన్నాళ్ళు బిందెలు మొయ్యకపోదుము గదటే!"

రత్నం చెయ్యి అలవాటు కొద్దీ పక్కన స్కేలు కోసం తడిమింది. అక్కర్లేదని వెంటనే తెలిసింది. ఇటు రాసుంటే, అటు మొయ్యకపోదుము. కాలాలు కలిశాయి.